గురువారపు కూత

భాద్రపద బహుళపక్షమున మూడు దినములుగా విరామము లేక కురిసిన వానలచే తడిసి బరువెక్కిన తూర్పుకనుమల శిఖరములు మేఘములలో తలలు దాచుకొనియుండగా ప్రతి లోయనుండియు ప్రతి వాగునుండియు ఎర్రమన్ను కలిసిన నీరు పరుగులు పెట్టి వచ్చి శంఖవతీనదిని చేరుచుండెను. ఆ నదికి అడ్డముగా ముప్పదియేండ్ల క్రిందట కట్టబడిన జలాశయము కంఠమువఱకు నిండి గాలి వీచినప్పుడెల్ల అలలు గేట్ల యినుపరేకులను తట్టి మరలిపోవుచుండెను. ఆనకట్టకు దిగువను మాత్రము ఆ సోమవారపు ఉదయమున వాన వెలిసి లేతయెండ కాసి ఇసుకదిన్నెలు మెఱయుచు వాని నడుమ మోకాలిలోతు పాయలు రెండు మెల్లగా పాఱుచు, చూచువారికి ఎగువనున్న సంరంభమునకును దిగువనున్న శాంతమునకును ఏ చుట్టఱికమును లేదని తోచునట్లుండెను. ఆ శాంతమును నమ్మి ఇసుకలోనికి దిగినవారు ఆ దినమున నలువదిమందికి పైగా ఉండిరి.

ఆనకట్టపైని కంట్రోలు రూములో కిటికీ కెదురుగా కూర్చుండి ఆ యిసుకవైపే మాటిమాటికి చూచుచున్న స్త్రీ పేరు ఇందుమతి. వయస్సు ముప్పదియాఱు, జలాశయమునందలి సమాచారయంత్రములకెల్ల బాధ్యురాలైన సహాయ ఇంజనీరు, పనిలో నేర్పరి, మాటలో పొదుపరి, తాను చేసిన పని తప్పిపోదని లోలోపల కొంచెము గర్వము కలది. ఆ గర్వము ఊరక వచ్చినది కాదు. ఆమె చేసిన పనులు అంతవఱకును నిజముగనే తప్పిపోలేదు. తప్పిపోనివారికి తప్పు ఎట్లుండునో తెలియక పోవుటయే పెద్ద చిక్కు.

ఆమె పని యేమో ముందు చెప్పకున్న ఈ కథ బోధపడదు. జలాశయమునుండి నీరు విడుచుటకు అరగంట ముందుగా దిగువ తీరమున పండ్రెండు చోట్ల స్తంభములపై నిలిపిన సైరన్లు కూయవలెనని నియమము. కంట్రోలు రూములో ఒక మీట నొక్కినంతనే పండ్రెండును ఒక్కమాఱుగా కూయును. పండ్రెండింటికిని వేఱువేఱుగా పండ్రెండు ఉత్తరములు పంపుట కాక ఊరిలో దండోరా వేసినట్లు ఒకమాఱు చాటిన మాటను ఆ చాటింపునకై పేరు నమోదు చేసికొన్న యంత్రములన్నియు ఏకకాలమున వినునట్టి యీ పద్ధతిని ఆ వృత్తివారు మల్టీకాస్టు అందురు. ప్రతి చాటింపునకును ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యక్రింద చేరినవి వినును, చేరనివి వినవు. ఆనకట్టపైని కెమెరాలు ఎనిమిదియు తాము కన్న దృశ్యములను ఈ విధముగనే అహోరాత్రము చాటుచుండును.

చిక్కు అక్కడనే పుట్టెను. కెమెరాల దారి విశాలమైనది. సైరన్లకు పోవు దారి సన్నని రేడియో లింకు. ఆషాఢమాసమున ఒక గురువారము సైరన్లను పరీక్షించుచుండగా కెమెరాల దృశ్యములన్నియు ఆనకట్ట హద్దు దాటి ఆ సన్నని దారిలో జొరబడుటచే సైరన్ల మాట వానిక్రింద నలిగిపోయి పండ్రెండింట నాలుగు మాత్రము అరకొరగా మూలిగి ఊరకుండెను. అధికారులు మండిపడిరి. అంతట ఇందుమతి ఆనకట్ట చివర నుండు రౌటరునకు, అనగా వచ్చిన ప్రతి మాటను ఏ దారిని పంపవలెనో నిర్ణయించు పెట్టెకు, ఒక హద్దు నియమము వ్రాసెను. సైరన్ల చాటింపు సంఖ్య నొక్కదానిని పోనిమ్ము, తక్కిన చాటింపులను హద్దు దాటనీకుము అనుటయే ఆ నియమము. ఆ సంఖ్యను ఆమె ఊహించి వ్రాయలేదు. సైరన్లు కూయుచుండగా ఏ సంఖ్యపై మాట పోవుచున్నదో రౌటరులో కన్నులార చూచి మఱి వ్రాసెను.

ప్రతి గురువారము పదునొకండు గంటలకు సైరన్లను పరీక్షించుట అచ్చటి ఆచారము. దిగువ గ్రామములలో ఆ కూత విని గడియారములు సరిచేసికొనువారును పొయ్యిమీద ఎసరు పెట్టువారును కలరు. నియమము వ్రాసిన తరువాతి గురువారమున పండ్రెండు సైరన్లును గొంతెత్తి కూసెను. ఆ పై గురువారమును కూసెను. ఆఱు గురువారములు గడచుసరికి కార్యనిర్వాహక ఇంజనీరగు అప్పలనరసింహరాజుగారు సిబ్బంది యందఱియెదుట ఆమెను మెచ్చుకొనిరి. మెచ్చుకోలు విని ఆమె తల వంచుకొనెనేగాని ఆ పూట భోజనము ఇంకొక ముద్ద ఎక్కువగనే తినెను.

ఆ సోమవారమున ప్రొద్దుననే నూకాలు బట్టల మూటకై ఇందుమతి యింటికి వచ్చెను. నూకాలు ఏటిగట్టు రజకులవాడలోనిది. ఇందుమతి యింట బట్టలుతుకుటకు కుదిరి ఏడాదిన్నర. మొగమాటము లేక మాటలాడు మనిషి. మూడు దినముల వానలో బట్టలు గుట్టపడియుండెను. మఱునాడు ముఖ్య ఇంజనీరు తనిఖీకి రానుండుటచే గంజిపెట్టిన నూలుచీర ఆ సాయంకాలమునకే కావలెనని ఇందుమతి పట్టుపట్టెను. నూకాలు మూట నెత్తికెత్తుకొనక గుమ్మములో నిలిచి ఎగువ కొండలవైపు చూచెను.

"కొండమీద నల్లగుందమ్మా. ఏరొచ్చెత్తాదేమో అని బెంగగుంది."

"గేట్లు ఎత్తేముందు అరగంట సైరన్ మోగుతుంది నూకాలూ. మోగగానే ఒడ్డెక్కెయ్యండి. మోగకుండా నీళ్ళు రావు. అది నా పూచీ."

ఆ మాటతో నూకాలు మొగము తేటపడెను. మూట నెత్తిన బెట్టుకొని ఏటిదారి పట్టెను.

పదిన్నరకు ఎగువ వంతెననుండి వచ్చిన సమాచారము కంట్రోలు రూములోని నవ్వులను ఆర్పివేసెను. కొండలలో మఱల మేఘము విఱిగిపడెననియు రెండు గంటలలో జలాశయమునకు ఇప్పటికి రెట్టింపు నీరు వచ్చిపడుననియు తెలిసెను. రాజుగారు నీటిమట్టపు కొలత చూచి పదునొకండున్నరకు గేట్లెత్తవలెననియు పదునొకండు గంటలకు సైరన్లు కూయవలెననియు ఆజ్ఞాపించిరి. సరిగా ఆ వేళకు మీట నొక్కబడెను. బల్లపై పచ్చదీపము వెలిగెను. మాట బయలుదేఱినదని ఆ దీపము సాక్ష్యము చెప్పునేగాని ఎవరైనను విన్నారా యనుట దానికి తెలియదు. అయినను పచ్చదీపము చూచినవారందఱును ఊపిరి విడిచి గేట్ల పనిలో పడిరి.

పడనివాడు ఒక్కడే. వాడు లస్కరు కూర్మన్న; గేట్లకు నూనె పెట్టుటలోను నీటి చప్పుడు వినుటలోను ముప్పదియేండ్లు గడపినవాడు. వరండాలో నిలిచి చెవికి అరచేయి అడ్డము పెట్టుకొని కొండవైపు తల త్రిప్పి చాలసేపు విని లోనికి వచ్చి కొండవెనుక సైరన్ కూత తనకు వినబడలేదని మెల్లగా చెప్పెను. ఆ మొదటి సైరన్ మైలు దూరముననే యున్నది. గురువారములలో దాని కూత కంట్రోలు రూములోని గాజుపలకలను సైతము కదపును. గాలి అటువైపు కొట్టుచున్నదని ఒకడనెను. వయస్సు మీఱిన చెవులని ఇంకొకడనెను. పచ్చదీపము వెలుగుచుండగా సందేహమేలయని రాజుగారనిరి.

ఇందుమతి మాత్రము తన బల్లకు పోయి రౌటరును తెఱచి చూచెను. హద్దు నియమములో ప్రతి పంక్తికెదురుగా ఆ పంక్తి ఎన్ని మాటలను పోనిచ్చెనో ఎన్నింటి నాపెనో లెక్క కనబడును. సైరన్ల పంక్తికెదురుగా నున్న అంకె గడచిన గురువారము ఎంత యున్నదో ఇప్పుడును అంతయే యున్నది. ఆమె కన్నులు నులిమికొని మఱల చూచెను. అంకె కదలలేదు. పచ్చదీపము వెలిగి మూడు నిమిషములైనను ఒక్క మాటయైనను హద్దు దాటలేదు.

నియమము సరియైనది; సంఖ్య సరియైనది; ఆఱు గురువారములు సాక్ష్యము. మఱి యిది యేమి? ఆమె తల యెత్తి కూర్మన్నను దగ్గరకు పిలిచి గురువారపు కూతకును నేటి కూతకును ఏమైన భేదము కలదాయని యడిగెను.

"గురువారం కూత ఏరు, గండం కూత ఏరమ్మా. గురువారం ఒకటే ఊదుడు. గండం కూత ఎక్కి దిగుతాది, స్తంబం మీద ఎర్ర దీపం ఎలుగుతాది. ముందు రెండేళ్ళూ వానల్లేవు, గేటెత్తింది నేదు. గండం కూత మీరు ఇన్నేదు."

ఆమె ఆ జలాశయమునకు బదిలీపై వచ్చి రెండేండ్లు కాలేదు. అంతయు ఒక్క క్షణమున ఆమెకు తేటతెల్లమయ్యెను. గురువారమున ఎఱ్ఱదీపములు వెలిగి జనము బెదరకుండుటకై సైరన్లను నిలిపినవారు పరీక్షకు ఒక సంఖ్యను ప్రమాదమునకు ఇంకొక సంఖ్యను ఏర్పఱచియుందురు. తాను చూచినది పరీక్షను, పోనిచ్చినది పరీక్షను, మెచ్చుకోలు పొందినది పరీక్షకు. ప్రమాదము వచ్చిననాడు చాటవలసిన మాటను కెమెరాల దృశ్యములతోపాటు ఆపి వేయుమని తన చేతితోనే రౌటరునకు వ్రాసియిచ్చెను.

గడియారమున పదునొకండు గంటల ఆఱు నిమిషములు. ఎవరికిని చెప్పక మూలను కూర్చుండి నియమమును సరిచేసి మఱల మీట నొక్కించినచో తప్పు తనలోనే ఉండిపోవునని ఒక తలంపు వచ్చెను. రాలేదని చెప్పుట అబద్ధమగును. కాని ఆ పని తెమలకమున్నే పదునొకండున్నర యైనచో? ఇసుకలో నడుము వంచి తన చీర జాడించుచున్న నూకాలు కన్నులకు కట్టెను. ఇందుమతి లేచి రాజుగారి యెదుటికి పోయి నిలిచెను.

"గేట్లు ఎత్తొద్దండీ. సైరన్లు మోగలేదు. వాటిని ఆపింది నేను రాసిన నియమమే."

గదిలో నున్నవారందఱును పనులు మాని ఆమెవైపు తిరిగిరి. రాజుగారు కోపపడలేదు. కోపపడినను బాగుండెడిదని ఆమెకు తోచెను. ఆయన నీటిమట్టపు కొలతవైపు చూచి చేతి గడియారమువైపు చూచి పలికిరి.

"ఎంతసేపు ఆగుతాయో నీళ్ళని అడగాలమ్మా, నన్ను కాదు. పన్నెండుకి పది నిమిషాలవరకూ చూస్తాను. ఆ తరవాత ఎత్తకపోతే కట్టే ఉండదు."

వెంటనే కూర్మన్న మోటారుసైకిలెక్కి గట్టుదారిని ఏటివైపు పోయెను. ఆ దారి చుట్టుతిరిగి అయిదు మైళ్ళు. నడుమ కల్వర్టు వానకు కోసుకొనిపోయి యుండెను. ఇందుమతి నూకాలికి ఫోను చేసెను. అది మ్రోగి మ్రోగి ఆగిపోయెను. ఇసుకలోనికి దిగువారు ఫోనులను ఒడ్డుపైని మూటలలో పెట్టి దిగుదురు. పంచాయతీ కార్యదర్శి ఫోనెత్తి వచ్చుచున్నాననెను. అతడున్నది ఏటికి రెండు మైళ్ళకావల.

హద్దు నియమము నంతటిని తుడిచివేయవచ్చుగదాయని తోడివాడొకడు సలహా యిచ్చెను. తుడిచినచో ఎనిమిది కెమెరాల దృశ్యములును సన్నని దారిపై విఱుచుకొనిపడును. ఆషాఢమున జరిగినదే జరుగును. కెమెరాల నార్పుటకు ఎనిమిది స్తంభములెక్కవలెను. మార్గము ఒక్కటే. ప్రమాదపు సంఖ్యను కనుగొని దానికి ద్వారము తెఱవవలెను. ఆ సంఖ్య ఏ కాగితముపైనను లేదు. సైరన్లు నిలిపిన గుత్తేదారు ఫోను పలుకలేదు.

అప్పుడామెకు ఒక యుపాయము తట్టెను. చాటింపు వినగోరు యంత్రము తన పేరు నమోదు చేసికొనియుండవలెను గదా. రేడియో లింకునకు ఆవలివైపున ఏటిగట్టుపై నున్న రెండవ రౌటరు ఆ పట్టికను దాచుకొనియుండును. ఆమె దానిని తెఱచెను. పట్టికలో పండ్రెండు సైరన్లును రెండేసి సంఖ్యలక్రింద చేరియుండెను. రెండును ఒకే వరుస అంకెలు. కడపట మాత్రము ఒకదానికి ఒకటి, రెండవదానికి తొమ్మిది. ఒకటి ఆమె యెఱిగిన గురువారపు సంఖ్య. తొమ్మిదిని ఆమె ఏనాడును చూచియుండలేదు. ఇంతకాలమును ఆ పండ్రెండు స్తంభములును ఆ తొమ్మిది కోసము చెవులప్పగించి ఎదురుచూచుచునే యుండెనని తలచి ఆమె కన్నులు చెమర్చెను.

తొమ్మిదిని పోనిమ్మని నియమమునకు ఒక పంక్తి చేర్చి మీట నొక్కుడని కేక వేసెను. పచ్చదీపము వెలిగెను. కొత్త పంక్తికెదురుగా అంకె సున్నయే. మఱల నొక్కిరి. సున్నయే. గడియారమున పదునొకండు గంటల ఇరువదిమూడు నిమిషములు. కెమెరా తెరపై ఇసుకదిన్నెలు, వానిపై ఆరవేసిన రంగురంగుల బట్టలు, నడుమ చీమలంతలేసి మనుష్యులు. ఒకతె దుప్పటి పిండి విదిలించెను.

రౌటరు నియమమును పైనుండి క్రిందికి చదువును. తనకు తగిలిన మొదటి పంక్తి దగ్గఱనే ఆగిపోవును. దాని క్రింద ఏమి వ్రాసినను చదువదు. కొత్తగా చేరినవారికి ఈ పాఠము చెప్పునది ఇందుమతియే. అట్టి ఆమె తొందరలో తొమ్మిది పంక్తిని తక్కిన చాటింపులను ఆపుమను పంక్తికి క్రింద చేర్చెను. తలుపు మూసి గడియవేసిన తరువాత లోనికి రమ్మని పిలిచినట్లయ్యెను. ఆమెకు జ్ఞప్తికి వచ్చిన క్షణమున తన తెలివిమీద తనకే అసహ్యము కలిగెను. మొత్తము నియమమును చెఱిపి పోనిమ్ము పోనిమ్ము ఆపుము అని మూడు పంక్తులను వరుసదప్పక తిరిగి వ్రాయ మొదలిడెను. చెఱిపిన మఱుక్షణమే కెమెరాల వెల్లువ దారిపై పడి బల్లమీది దీపములు ఎఱ్ఱబాఱెను. ఆమె వానివైపు చూడలేదు. ఒక్కొక్క అంకెను పెదవులతో పలుకుచు వ్రాసెను; వ్రాసి ఒకమాఱు చదివెను; చదివి పంపెను; మీట మఱల నొక్కబడెను.

పదునొకండు గంటల ఇరువదితొమ్మిది నిమిషములకు కొండవెనుకనుండి ఒక ధ్వని లేచెను. అది ఎక్కెను, దిగెను, మఱల ఎక్కెను. దాని వెనుక రెండవది, దూరమున మూడవది. తెరపై చీమలంతలేసి మనుష్యులు ఒక్కమాఱుగా నిలువబడి బట్టలు చంకలనిఱికించుకొని ఒడ్డువైపు పరుగెత్తిరి. ఒకతె సగము దూరము పోయి వెనుకకు తిరిగి దేనికో దిన్నెమీదికి పరుగెత్తుట కనబడెను. ఇందుమతి తెరపై చేయి పెట్టి పోవద్దు పోవద్దని గొణిగెను. ఎవరో ఒక ముసలిది ఆమె ఱెక్క పట్టుకొని లాగెను. పదునొకండు గంటల నలువదియెనిమిది నిమిషములకు ఇసుక యంతయు నిర్జనమయ్యెను. రెండు నిమిషములకు రాజుగారు మొదటి గేటును జానెడెత్తించిరి. పిమ్మట తక్కినవి లేచెను. ఉదయమునుండి మెఱసిన దిన్నెలు పావుగంటలో కనబడకుండ పోయెను.

ఆ సాయంకాలము నూకాలు తడిమూటతో గుమ్మములోనికి వచ్చి చతికిలబడెను. ఇందుమతి ఎదురుగా నేలపైననే కూర్చుండెను. నూకాలు బట్టలు ఒక్కటొక్కటిగా తీసి పెట్టి చివరకు తల వంచుకొని నీలియంచు చీర ఒకటి ఏటిపాలైనదనియు దానికై వెనుకకు పరుగెత్తినను తన అత్త పోనీయలేదనియు చెప్పి తప్పు కాయుమని వేడుకొనెను. ఇందుమతి తడిదుప్పటి నొకదానిని ఒడిలోనికి తీసికొని మొగము త్రిప్పుకొనెను. చీర మాటకే ఆమె చిన్నబోయినదని తలచి నూకాలు ఊఱడించుటకు కాబోలు మిగిలిన సంగతి కూడ చెప్పెను.

"పక్కవాగు నీళ్ళు కలిసి పాయ ఎర్రబడ్డాది. నేచిపోదామని మా అత్త అన్నాదమ్మా. అందరూ నేచినారు. నానే కూకోబెట్టినాను. అమ్మగోరు పూచీ పడ్డారు, కూత రాకుండా ఏరు రాదు అన్నాను."

నలువదిమందిని ఇసుకలో నిలిపినది వరద కాదు, తన మాట. ఇందుమతి దాచుకొనలేదు. కూత పదునొకండు గంటలకే రావలసియుండెననియు దానిని ఆపినది తానేయనియు ఇరువదితొమ్మిది నిమిషములు ఆలస్యమైనదనియు ఉన్నదున్నట్లు చెప్పి ఏడ్చెను. నూకాలు ఆమెవైపు చూచెను. ఆ చూపులో కోపము లేదు. ఎన్నడును లేని దూరమేదో ఉండెను.

"ఆ పొద్దంతా నాను మీ దుప్పట్లే ఉతుకుతున్నానమ్మా" అని మాత్రమని ఖాళీ మూటగుడ్డ దులుపుకొని లేచిపోయెను.

మఱునాటి తనిఖీలో ఇందుమతి తన తప్పును తానే వ్రాసి ముఖ్య ఇంజనీరు చేతికిచ్చెను. దానికి తగిన శిక్షను పొందెను. అటుపిమ్మట ఆ జలాశయమున ఆచారము మాఱెను. ముందునాడు ఊరూర దండోరా వేయించి ప్రతి గురువారమును గురువారపు కూతతోపాటు గండపు కూతను కూడ పరీక్షించుచున్నారు. ఆ వేళకు ఇందుమతి కంట్రోలు రూములో ఉండదు. పచ్చదీపమును ఇతరులకు విడిచి హద్దునకు ఆవల ఏటి యిసుకలో చెప్పులు విడిచి నిలిచి చెవులు రిక్కించి వినును. ద్వారమున ఎవరిని ఆపవలెనో వ్రాయువారు ఆ ద్వారమునకు ఆవల ఒకమాఱైనను నిలువవలెనని ఆమె చెప్పుచుండును.

నూకాలు ఇప్పటికిని ఆమె బట్టలే ఉతుకును. పదునొకండగుసరికి ఆ దిన్నెలమీదనే ఉండును. పండ్రెండు సైరన్లును ఎక్కుచు దిగుచు కూయుచుండగా ఇందుమతి ఆమె మొగము వంక చూచును. నూకాలు మాత్రము తలయెత్తదు. దోసిటితో పాయనుండి నీరెత్తి దాని రంగు చూచి విడిచి మఱల ఉతుకుటకు వంగును. ఇందుమతి దానిని తప్పు పట్టదు.